బృందంలో ఆరో మనిషి

"చెయ్యి, నాకేం అభ్యంతరం? ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా" అన్నాడు క్రస్త్యో.

ఆ మాట అన్నప్పుడు నెడ్యాల్కా మూడో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఇంకా రెండున్నాయి. ఐదింటిలో ఒక్కటే ఆమె భర్తది. మిగతా నాలుగూ అతని బృందంలో వాళ్ళవి. పెళ్ళిళ్ళలో, బాప్తిస్మాల విందుల్లో వాయించే బృందం అది. క్రస్త్యో అకార్డియన్ వాయిస్తాడు, బృందం పేరూ అతని పేరే. చాలా ఏళ్ళ కిందట ఒక పెళ్ళిలో ఐదుగురూ ఐదు రకాలుగా నలిగిన చొక్కాలతో నిలబడ్డారని ఎవరో నవ్వితే, "అన్నీ ఒకే చేతి మీద అయితే ఒకేలా ఉంటాయి" అని క్రస్త్యో తీర్మానించాడు. ఆ చెయ్యి ఎవరిదని అప్పుడు ఎవరూ అడగలేదు. అప్పటినుంచి డోలు వాయించే మింకో చొక్కా కుడి చంక కింద ఎన్నిసార్లు చిరిగిందో, పాటగాడి కాలరు మీద ఏ రంగు లిప్‌స్టిక్ అంటుకుని వస్తుందో నెడ్యాల్కాకి తెలుసు. ఏదీ ఎవరికీ చెప్పలేదు. కుట్టింది, ఉతికింది, మడతపెట్టింది.

ఖాళీ. ఆ మాటనే నాలుక మీద తిప్పి చూసుకుంది. పొద్దుటి పూట మందుల షాపులో నిలబడటం, అక్కడ యజమాని "నెడీ, నీ చేతి కాఫీయే కాఫీ" అంటూ కప్పు ముందుకు తోయడం, మధ్యాహ్నం అత్తగారికి చారు కాచడం, సాయంత్రం ఫోన్లు. బృందం విజిటింగ్ కార్డు మీద పేరు క్రస్త్యోది, నంబరు నెడ్యాల్కాది. ఎందుకంటే కళాకారుణ్ణి మాటిమాటికీ ఫోన్ విసిగించకూడదు. పెళ్ళికూతురి తల్లి రెండోసారి మాట మార్చినా, పెళ్ళికొడుకు బాబాయి తాగి ఫోన్ చేసినా, మంచులో దారి తప్పిన వ్యాను ఏ మలుపు దగ్గర ఆగిపోయిందో కనుక్కోవాలన్నా ఆమె గొంతే. ఏ శనివారం ఎవరింట్లో, ముందు ఏ పాట, వరుడి తల్లికి ఏ పాటంటే ఏడుపొస్తుంది, అన్నీ ఆమెకు నోటికే వచ్చు. ఇదంతా కలిపితే ఖాళీ అవుతుందన్నమాట, అనుకుంది నెడ్యాల్కా, మింకో చొక్కా తీసి పరుస్తూ.

అసలు ఆమె చెయ్యెత్తి ముందుకు రావాలని అనుకోలేదు. ఊరి పైభాగంలో, నిట్టనిలువు దారి చివర, నడవలేని పిల్లల కోసం పగటి పూట నడిచే కేంద్రం ఒకటుంది. షాపు నుంచి వాళ్ళకు మందులు తీసుకెళ్ళేది ఆమే. జనవరిలో వాళ్ళ పాత వ్యాను ఇంజన్ చచ్చిపోయింది. ఒక పొద్దున ఆ దారిలో ఆమెకు ముందు వెసెలా కనిపించింది. బేకరీలో పని చేసే మనిషి, బక్కపలచగా ఉంటుంది. తొమ్మిదేళ్ళ కూతురు ఈవాను వీపున కట్టుకుని మంచు గడ్డకట్టిన రాళ్ళ మీద ఎక్కుతోంది. ఈవా కాళ్ళు తల్లి మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. మధ్యమధ్యలో వెసెలా గోడకు భుజం ఆనించి ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆ పిల్ల వెనకనుంచి తల్లి చెవిలో ఏదో చెబుతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. నెడ్యాల్కా మందుల సంచీ పట్టుకుని వాళ్ళ వెనకే నడిచింది. సాయం చెయ్యనా అని అడగడానికి కూడా నోరు రాలేదు.

ఆ వారమే కేంద్రంలో సమావేశం. ర్యాంపు ఉన్న వ్యాను కొనాలి, దానికి ఊళ్ళో సంగీత కార్యక్రమం పెట్టి డబ్బు పోగుచేద్దాం అన్నారు. ఎవరు చూసుకుంటారు అనగానే మగవాళ్ళందరికీ ఒకేసారి ఫోన్లలో ఏదో పని పడింది. "నేను చూస్తాను" అని ఎవరో అన్నారు. అది తన గొంతేనని అందరూ తనవైపు తిరిగాక గాని నెడ్యాల్కాకి తెలియలేదు.

క్రస్త్యో మొదట పగలబడి నవ్వాడు. "నువ్వా? సంగీత కార్యక్రమమా? నీకు స్వరం అంటే తెలుసా?" తర్వాత మెత్తబడ్డాడు. "సరేలే, మా బృందం వాయిస్తుంది. పోస్టరు మీద నా పేరు పైన వెయ్యి, జనం వస్తారు." నిజం చెప్పాలంటే ఆ క్షణం ఆమెకు కళ్ళు చెమర్చాయి. కృతజ్ఞతతోనే. ఆ సంగతి తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా సరే తల దించుకునేది.

ఫిబ్రవరి అంతా పరుగే. టౌన్ హాలు అడిగింది, కుర్చీలు అడిగింది, మైకులవాడితో బేరమాడింది, బేకరీవాళ్ళతో జున్ను పొరల బానిత్సాలు చేయించడానికి మాట తీసుకుంది. పురపాలక కార్యాలయంలో సాంస్కృతిక వ్యవహారాలు చూసే దోంచెవ్ గారు ఆమె చెప్పేదంతా విని, "బాగుందమ్మా. ఒకసారి క్రస్త్యోతో మాట్లాడించు, ఖాయం చేసుకుందాం" అనేవాడు. క్రస్త్యో ఏమో కాఫీ హోటల్లో కూర్చుని "పిల్లల కోసం కచేరీ ఇస్తున్నాను, మనకీ కొంచెం హృదయం ఉండాలి కదా" అని చెప్పుకున్నాడట. ఇంట్లో అత్తగారు జీనా చారులో చెంచా తిప్పుతూ "ఈ మధ్య ఉప్పు కూడా సమాజసేవకు వెళ్ళిపోయినట్టుంది" అనేది. నెడ్యాల్కా ఉప్పు డబ్బా తెచ్చి పెట్టేది.

మార్చి వచ్చింది. వసంతం వస్తోందని అందరి మణికట్లకూ ఎరుపూ తెలుపూ దారాలు చేరాయి. పోస్టర్లు గోడలెక్కాయి. ఒక సాయంత్రం భోజనాల దగ్గర క్రస్త్యో రొట్టె నముల్తూ అన్నాడు.

"ఆ ఆదివారం మాకు కుదరదు. వార్నాలో పెద్ద పెళ్ళి తగిలింది. హోటళ్ళ యజమాని కూతురు. వాళ్ళిచ్చేది వింటే కళ్ళు తిరుగుతాయి."

నెడ్యాల్కా చెంచా కింద పెట్టింది. "పోస్టర్లు అంటించేశాం."

"మళ్ళీ అంటించు. ఇంకో ఆదివారం పెట్టుకో. ఆ పిల్లలు వచ్చే వారం కూడా నడవలేరుగా, తొందరేముంది?"

అతను అది చెడ్డగా అనలేదు. ఆమెకు గుచ్చుకున్నది అదే. ఎంతో మామూలుగా, ఉప్పు అందించమన్నంత మామూలుగా అన్నాడు. బల్లకు అవతల అత్తగారు కూడా తలెత్తి కొడుకు మొహం ఒకసారి చూసి, మళ్ళీ పళ్ళెంలోకి చూసుకుంది. నెడ్యాల్కాకి ఆ దారి, ఆ వీపు, వేలాడే కాళ్ళు కనిపించాయి. వాటి వెనక ఇంకేదో కూడా కనిపించింది. ఇన్నేళ్ళుగా తన పనులన్నీ ఇలాగే వచ్చే వారానికి జరుగుతూ వచ్చాయి. పళ్ళ డాక్టరు, చెల్లెలింటికి వెళ్ళడం, ఒకప్పుడు చేరాలనుకున్న ఫార్మసీ కోర్సు. ఏదీ ఎవరూ వద్దనలేదు. తొందరేముంది అన్నారు, అంతే.

"వాయిదా వెయ్యను" అంది.

"మరి ఎవరు వాయిస్తారు? నువ్వు గిన్నెల మూతలతోనా?" తన మాటకు తనే నవ్వుకున్నాడు క్రస్త్యో.

మర్నాడు షాపు వెనక గదిలో, మందుల పెట్టెల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలి? మొదట గుర్తొచ్చిన పేరునే గట్టిగా తోసేసింది. అదే మళ్ళీ వచ్చింది. సాలీ. ఏటి అవతలి ఊరి క్లారినెట్ సాలీ. ఒకప్పుడు క్రస్త్యో బృందంలోనే ఉండేవాడు. ఒక పెళ్ళిలో జనం అకార్డియన్ కంటే క్లారినెట్‌కి ఎక్కువ చప్పట్లు కొట్టారు. ఇంటికి తిరిగొచ్చేలోగా ఇద్దరికీ చెడింది. ఆ తర్వాత ఆ పేరు వాళ్ళింట్లో ఎవరూ ఎత్తలేదు.

రెండో రింగుకే ఎత్తాడు. ఆమె "అన్నయ్యా" అనగానే గుర్తుపట్టాడు.

"నెడ్యాల్కా! చెల్లెమ్మా! ఈ గొంతు విని ఎన్నేళ్ళయిందే! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదన్నయ్యా" అని నవ్వి, సంగతంతా చెప్పింది. ఇవ్వడానికి డబ్బు లేదని కూడా చెప్పింది. క్రస్త్యోకి తెలిస్తే ఊరుకోడని కూడా చెప్పింది.

"వస్తాను. మా తమ్ముళ్ళని తీసుకొస్తాను. అవతలి కొండ ఊరి ఆడవాళ్ళ పాటల జట్టు ఉంది చూడు, వాళ్ళకి నేను చెప్పడం దేనికి, నువ్వే చెయ్యి, నీ పేరు చెబితే చాలు."

"నా పేరు ఎవరికి తెలుసన్నయ్యా?"

సాలీ పకపకా నవ్వాడు. "వెర్రిదానా, నీకు నిజంగా తెలియదా? ఈ చుట్టుపక్కల వాయించేవాళ్ళం అందరం ఏమనుకుంటామో? క్రస్త్యో బృందంలో ఆరుగురు, వేదిక మీదికి ఎక్కేది ఐదుగురు. నేను ఆ బృందం వదిలేశాక నాకు పోయింది అతని అకార్డియన్ కాదమ్మా. ఎక్కడికి వెళ్ళాలో, ఎప్పుడు తినాలో, డబ్బు ఎగ్గొట్టేవాణ్ణి ఎలా అడగాలో చెప్పే మనిషి పోయింది. రెండేళ్ళు దారులు తప్పుతూ తిరిగాను."

ఫోన్ పెట్టేసింది. బయటనుంచి యజమాని కాఫీ కోసం పిలుస్తున్నాడు. "పొయ్యి దగ్గరే పొడి ఉంది, కలుపుకోండి" అని కేకేసి, తర్వాతి నంబరు నొక్కింది.

నిజంగానే పేరు చెబితే చాలింది. ఆడవాళ్ళ జట్టు పెద్ద "నెడ్యాల్కావా? మా మనవరాలి పెళ్ళప్పుడు అరగంటలో బస్సు తెప్పించిన పిల్లవే కదూ?" అంది. ఇత్తడి బాకాలు ఊదే అన్నదమ్ములు వస్తామన్నారు. తోలుతిత్తి గైదా ఊదే ముసలాయన తన పళ్ళు కొత్తవని, ఊదితే ఊడిపోవచ్చని, అయినా వస్తానని అన్నాడు. ఒక డోలు అడిగితే ముగ్గురు డోలువాళ్ళు ఒప్పుకున్నారు.

నాలుగో డోలువాడు షాపుకే వచ్చాడు. మింకో. మందులు కొనేవాళ్ళు వెళ్ళేదాకా దగ్గుమందు సీసాలు చదువుతూ నిలబడి, దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. "వదినా, నా మణికట్టు బెణికింది."

"ఏదీ, చూపించు."

"ఇంకా బెణకలేదు. ఆదివారం బెణుకుతుంది." అని మొహం ఎర్రగా చేసుకున్నాడు. "వెసెలా వాళ్ళది మా పక్కిల్లే. మొన్న ఈవాని నేనూ ఒకసారి ఎత్తుకుని ఎక్కాను. సగం దారిలో నాకు ఊపిరి ఆడలేదు వదినా. నేను డోలు మోసేవాణ్ణి. నేను వార్నా పోను. నీ దగ్గర వాయిస్తాను."

"అయితే అబద్ధం వద్దు మింకో. ఉన్నదే చెప్పు."

చెప్పాడు. ఆ సాయంత్రం క్రస్త్యో ఇంట్లో గిరగిరా తిరిగాడు, మింకోని తిట్టాడు, మింకో తాతను తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయి కుర్చీలో కూలబడి, ఎప్పటిలాగే తలెత్తకుండా అన్నాడు. "సరే, డోలుకి ఎవర్నయినా చూడు."

ఎన్నో ఏళ్ళుగా ఆ మాటకు ఆమె చెయ్యి దానంతటదే ఫోన్ వైపు పోయేది. ఆ రోజు పోలేదు. ఉల్లిపాయ తరగడం పూర్తి చేసి, కత్తి కడిగి, చేతులు తుడుచుకుంది.

"ఈ చుట్టుపక్కల డోలు పట్టినవాళ్ళందరికీ ఆ ఆదివారం పని ఉంది" అంది. "నా దగ్గర."

క్రస్త్యో అప్పుడు తలెత్తాడు. వార్నాకి కీబోర్డులో రికార్డు చేసిన డోలు తీసుకుని నలుగురే వెళ్ళారు.

ఆదివారం మధ్యాహ్నానికే హాలు నిండింది. గోడల పక్కన నిలబడ్డారు, కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ముందు వరసలో కుర్చీలు తీసేసి చక్రాల కుర్చీలకు చోటు చేశారు. బేకరీ నుంచి వేడి బానిత్సాల పళ్ళేలు వస్తున్నకొద్దీ ఖాళీ అవుతున్నాయి. నెడ్యాల్కాకి తెల్లవారినప్పటినుంచీ కూర్చునే తీరిక లేదు. కాళ్ళు పీకుతున్నాయి, జుట్టు చెదిరింది, నీలం గౌను మీద వెన్న మరక. రెండో వరసలో తల గుడ్డ కొత్తది కట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది. ఏం అనడానికి వచ్చిందో! దగ్గరికి వెళితే జీనా ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"మీ మామయ్య గైదా వాయించేవాడు, తెలుసుగా? ఊరంతా ఆయన ఊపిరిని పొగిడేది. ఆ తిత్తికి మేక తోలు నానబెట్టి, గీరి, కుట్టింది ఎవరనుకున్నావు?" అంది. కోడలి చెయ్యి వదిలేసింది. "వెళ్ళు, వెళ్ళు. నీకు పనుంది."

దోంచెవ్ గారు మైకు ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు. పురపాలక సంఘం ఎంత శ్రద్ధ తీసుకుందో చెప్పాడు. ఆఖర్న, "ఇంత చక్కటి కార్యక్రమానికి తోడ్పడిన మన క్రస్త్యో గారి శ్రీమతికి కూడా ధన్యవాదాలు" అన్నాడు.

నెడ్యాల్కా వేదిక పక్కన తెర దగ్గర నిలబడి ఉంది. ఇలాంటి మాటకు ఆమె ఎప్పుడూ చేసేది ఒకటే, నవ్వి తలూపడం. ఈసారి కాళ్ళు వేదిక మీదికి నడిచాయి. దోంచెవ్ గారి చేతిలోంచి మైకు మర్యాదగానే తీసుకుంది.

"నమస్కారం. నా పేరు నెడ్యాల్కా. ఈ కార్యక్రమం నేను ఏర్పాటు చేశాను."

తన గొంతు హాలు నాలుగు మూలలకూ వెళ్ళి తిరిగి రావడం ఆమె అంతకుముందు ఎన్నడూ వినలేదు. తర్వాతి మాట కోసం వెతుక్కుంటుండగా మధ్య వరసల్లోంచి ఒకావిడ చంటిబిడ్డతో సహా లేచి నిలబడింది.

"ఆగండాగండి! ఈ గొంతు నాకు తెలుసు! నా పెళ్ళికి వాన పడుతుందని నేను ఏడుస్తుంటే 'టెంటు సంగతి నేను చూస్తాను, నువ్వు హాయిగా పడుకో తల్లీ' అన్నది నువ్వే కదూ?"

"నేనే" అంది నెడ్యాల్కా మైకులో.

"అదే గొంతు!" వెనకనుంచి ఒక ముసలాయన అరిచాడు. "మా వియ్యంకుడితో తగువొస్తే ఫోన్లోనే సర్దిచెప్పింది!" "మాకు మంచులో దారి చెప్పింది!" "మా అమ్మాయి పెళ్ళికి కేకు మర్చిపోతే..." ఒకరి మాట మీద ఒకరు. ఒకళ్ళనొకళ్ళు తట్టుకుని చూపించుకుంటున్నారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ ఇళ్ళల్లో మోగిన గొంతుకు ఇవాళ ఒక మొహం దొరికింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఒక్క పాట కూడా ఇంకా మొదలు కాలేదు, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. నెడ్యాల్కాకి ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, మైకు దూరంగా పెట్టడం కూడా మర్చిపోయి నవ్వింది. ఆ నవ్వు మీదే సాలీ క్లారినెట్ ఎత్తాడు.

ఆ తర్వాత ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో ఆమె ఎప్పుడూ వరసగా చెప్పలేకపోయింది. కొండ ఊరి ఆడవాళ్ళ గొంతులు కిటికీ అద్దాలు అదిరేలా లేచాయి. గైదా ముసలాయన పళ్ళు జేబులో పెట్టుకుని ఊదాడు. మింకో డోలు దించి ఈవా కుర్చీ పక్కన నిలబెట్టి వాయించాడు. ఆ పిల్ల రెండు అరచేతులూ డోలు చర్మానికి అంటించి, ప్రతి దెబ్బకీ కేరింతలు కొట్టింది. హోరో నాట్యం మొదలైంది. చేయీ చేయీ పట్టుకున్న వరస కుర్చీల మధ్యనుంచి, తలుపులోంచి, బయటి మెట్ల మీదుగా తిరిగి లోపలికి వచ్చింది. ఆ వరసలో వెసెలా ఉంది. వీపు మీద ఏ బరువూ లేకుండా, మెడ నిటారుగా, అడుగు తప్పకుండా ఆడుతోంది. ఈవా డోలు మీదనుంచి చేతులు తియ్యకుండా "అమ్మా, ఇంకా! ఇంకా!" అని అరుస్తోంది.

చీకటి పడకముందే దోంచెవ్ గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. పోగైన డబ్బులు వ్యానుకు సరిపోతాయట. చలికాలం టైర్లకు కూడా. ఈసారి ఆయన క్రస్త్యోతో మాట్లాడించమని అడగలేదు.

కుర్చీలు మడతపెడుతుంటే గాబ్రోవో నుంచి వచ్చిన ఒకావిడ దగ్గరికొచ్చింది. అక్కడ చెవిటి పిల్లల బడి ఒకటుందట, వాళ్ళకు కూడా ఇలాంటిది చేసిపెట్టగలరా అంది. ఖర్చులూ, మీ శ్రమకు తగినదీ మా సంస్థ ఇస్తుంది అంది. నెడ్యాల్కా నోరు తెరిచింది. ఇంట్లో అడిగి చెబుతాను అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెళ్ళయినప్పటినుంచీ అక్కడే కాపురం ఉన్న మాట.

"తేదీ చెప్పండి" అంది.

క్రస్త్యో సోమవారం మధ్యాహ్నానికి ఊళ్ళోకి వచ్చాడు. ఇంటికి రాకముందే కాఫీ హోటల్లో ఆగినట్టున్నాడు, సంగతంతా తెలుసు. వార్నా గురించి ఎక్కువ చెప్పలేదు. పెళ్ళికూతురి మామగారు కీబోర్డు డోలు విని "అసలు డోలు ఎక్కడ?" అని మూడుసార్లు అడిగాడన్నంత వరకు చెప్పాడు. తర్వాత గదిలో అటూ ఇటూ నడిచి, భార్య ముందు ఆగి, ఒక పెద్ద బహుమానం ఇవ్వబోయేవాడిలా నవ్వాడు.

"అందరూ నిన్నే పొగుడుతున్నారు. మంచిదే, మన బృందానికే పేరు. ఆలోచించాను. కొత్త కార్డులు వేయిద్దాం. నా పేరు కింద నీ పేరు కూడా. మేనేజర్ అని. ఏమంటావు?"

నెల రోజుల కిందట అయితే ఆమె ఆనందంతో ఏడ్చి ఉండేది. ఆ నెడ్యాల్కాని తలుచుకుంటే ఇప్పుడు కోపం రాలేదు, జాలేసింది. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని వీపు నిమరాలనిపించింది. ఆ బడివాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళాలి, గాబ్రోవో బస్సుకు టైమవుతోంది. కొక్కేనికి ఉన్న కోటు తీసి తొడుక్కుంది.

"కార్డులు వేయించుకో. నంబరు మాత్రం నీది వేయించు" అంది. "ఎవరైనా ఉద్యోగం మానేసేటప్పుడు నెల ముందు చెప్పాలంటారు కదా. చెబుతున్నాను. ఈ నెలాఖరు వరకు చూస్తాను. ఈలోగా ఎవర్నయినా కుదుర్చుకుంటే పని నేర్పిస్తాను. జీతం ఎంతివ్వాలో మాత్రం ముందే ఆలోచించుకో, తక్కువకి ఎవరూ దొరకరు."

క్రస్త్యో ఆమె మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదు, నిజంగానే అర్థం కాలేదు అతనికి.

"ఏ ఉద్యోగం?" అన్నాడు.

నెడ్యాల్కా అతనికేసి ఒకసారి చూసింది. పద్దెనిమిదేళ్ళ కాపురానికి జవాబు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మెడ చుట్టూ రుమాలు కట్టుకుని, తలుపు తెరుచుకుని, బస్సు కోసం వడివడిగా మెట్లు దిగింది.